ఏ మనోళ్ళు?

మొన్న పొద్దున టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో మా పార్టీ మళ్ళీ చీలబోతోందన్న వార్త చూసి నేనింకా కళ్ళజోడు సర్దుకుంటుండగానే, పక్కన కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్న మా ఆవిడ తలెత్తకుండా అడిగింది, ఈసారి మనోళ్ళు ఎటు అని. నా వయసువాళ్ళకు ఆ ప్రశ్న కొత్త కాదు గాని, మా ఇంట్లో అది ఎలా మొదలైందో చెబుతాను.

పర్చూరు దగ్గర మా ఊళ్ళో ఆ పార్టీ జెండా దిమ్మె కట్టించింది మా నాన్న, మా అమ్మ తమ్ముడైన మావయ్య కలిసి. సిమెంటు ఒకరిది, ఇటుక ఒకరిది. అప్పట్లో మనోళ్ళు అంటే ఊరంతటికీ ఒకటే అర్థం. నేను పదో తరగతితో చదువు ఆపేసినా గ్రంథాలయం తలుపు తీసింది మొదలు మూసేదాకా అక్కడే ఉండేవాణ్ణి గనుక, దేశదేశాల పార్టీల చరిత్రలు చదివి, గెలిచిన పార్టీ ఏదైనా కొన్నాళ్ళకు లోపలినుంచే చీలుతుందని మావయ్యకు గర్వంగా చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, "ఒరేయ్ అల్లుడూ, అయ్యి పుస్తకాల్లో పార్టీలురా. ఇది మన పార్టీ!" అన్నాడు.

చీలింది. రాజధానిలో ఇద్దరు నాయకులకు పడకపోతే మా ఊళ్ళో నాన్న ఒకరివైపు, మావయ్య ఇంకొకరివైపు. జెండా ఒకటే, రంగు ఒకటే, అసలు పార్టీ మాదంటే మాదని దిమ్మె దగ్గర రోజూ కేకలే. నేను చదివింది నిజమైందన్న సంతోషం నాకు ఒక్క పూట కూడా నిలవలేదు, ఎందుకంటే మా రెండిళ్ళ మిరపకాయలూ ఒకే కల్లంలో పక్కపక్కనే ఆరుతున్నాయి, కప్పే పట్టాలేమో ఎప్పటిలాగే మావయ్య కొట్టంలో ఉన్నాయి. ఎవరికి మబ్బు కనబడినా "మబ్బో!" అని కేక వెయ్యడం, ఎవరి రాశి అని చూడకుండా అందరూ వచ్చి కప్పడం మా కల్లంలో ఆనవాయితీ. ఆ ఏడు కేక వేస్తే తమ్ముడు వస్తాడా రాడా అన్నదే అమ్మ బెంగ. తడిస్తే కాయంతా రంగుపోయి తాలైపోతుంది, ఏడాది కష్టం మట్టిపాలు. పార్టీ ఏమైనా కానీ తమ్ముడు దూరం కాకూడదని ఆమె లోపల్లోపల మొక్కుకుంటూ, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని పొద్దస్తమానం ఆకాశం చూసేది.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టనే పట్టింది. నాన్న తన వర్గం సభకని గుంటూరు వెళ్ళాడు. అమ్మ ఎన్ని కేకలు వేసినా ఎవరూ రాలేదు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి మావయ్య వాకిట్లో ఆయన వర్గమంతా కొలువుతీరి ఉంది. ఆదరాబాదరాలో పాత అలవాటుకొద్దీ, "మావయ్యా, మనోళ్ళ కాయ తడిసిపోద్ది!" అన్నాను.

"ఏ మనోళ్ళురా అబ్బాయ్? మీ మనోళ్ళా, మా మనోళ్ళా?" అన్నాడొకాయన. వాకిలంతా గొల్లుమంది. మావయ్య నవ్వలేదు. మెడలో కండువా తీసి కుర్చీమీద పడేసి, కొట్టంలోకి వెళ్ళి పట్టాలు భుజానికెత్తుకున్నాడు.

రెండు రాశులూ కప్పేసరికి చినుకులు మొదలయ్యాయి. అమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తే మాత్రం, "వద్దులే అక్కా, ఇంటికాడ మనోళ్ళు కూర్చోనున్నారు," అని వానలోనే వెళ్ళిపోయాడు. అమ్మ ఆ గ్లాసు నా చేతికిచ్చి, పట్టా కొసమీద ఇంకో రాయి పెట్టింది.

తర్వాత ఆ నాయకులిద్దరూ ఒకే వేదికమీద దండలు మార్చుకున్నారు, ఆ వార్త గ్రంథాలయంలో పెద్దలకు గట్టిగా చదివి వినిపించింది నేనే. నాన్నకూ మావయ్యకూ మాటలు కలిసింది మాత్రం ఆ కల్లంలోనే, మబ్బు పట్టినప్పుడే, అదీ ఆ కొస లాగు, ఈ పక్క రాయి పెట్టు అన్నంతవరకే.

మొన్న మా ఆవిడ అలా అడగ్గానే, ఇప్పుడు గుంటూరు పక్క నల్లపాడులో ఉంటున్న నేను, ఊళ్ళో సేద్యం చేసుకుంటూ పార్టీలో తిరుగుతున్న మావయ్య కొడుక్కి ఫోను చేశాను. ఎటు అని అడగడానికి నోరు రాక, అక్కడ మబ్బేమైనా పట్టిందా అన్నాను.

"మబ్బు పడితే మనకేంది బావా? కాయ ఎప్పుడో కోల్డ్ స్టోరేజీకి తోలేశాగా!" అని నవ్వి, "ఉంటా బావా, మనోళ్ళొచ్చారు," అని పెట్టేశాడు.

ఏ మనోళ్ళో నేను అడగలేదు. చీలికలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మమ్మల్ని మళ్ళీ ఒకచోటికి పరుగెత్తించడానికి అప్పుడు మబ్బన్నా ఉండేది.