ఒక్క చేతి లోకుం

గల్ఫ్‌లో సజ్జా కార్ఖానాల మధ్య లోకుం మిఠాయి వండే భీమయ్యను ఎరగని వాళ్లు లేరు. ధర్మపురి దగ్గరి పల్లెలో ఐదో తరగతితో బడి మానిన మనిషి. అయితేనేం, తుర్కీ మిఠాయిని తుర్కీ వాళ్ల చేతే తినిపించి మెప్పించాడు. కరోనా ఏడు సగం మంది ఊళ్లకు పోతే రంజాన్ సరుకంతా ఒంటిచేత్తో వండి గట్టెక్కించాడు. ఆగస్టు ఉక్కపోతలో కూడా చెమ్మ పట్టని లోకుం ఆరబెట్టాడు. ఈ సంగతులు ఎవరూ అడగనక్కర్లేదు. ఆయనే చెబుతాడు.

లోకుం వండడమంటే మాటలు కాదు. చక్కెర పాకంలో కార్న్‌ఫ్లోర్ కలిపి, సన్నసెగ మీద రాగి గంగాళంలో గంటల తరబడి తెడ్డు ఆపకుండా తిప్పాలి. మర్నాడు ముక్క కోసి నొక్కితే లోపలికి పోయి మళ్లీ లేవాలి. ఈ పని భీమయ్యకు నేర్పింది ఇస్తాంబుల్ నుంచి వచ్చిన ముసలి వంట గురువు, అందరూ ఉస్తా అనేవారు. సుల్తానుల కాలం నుంచీ వాళ్లింట్లో ఇదే వృత్తి. తెడ్డు ఎవరు దింపితే వాళ్లే తీయాలని ఉస్తాకు గట్టి పట్టింపు. పాకం చిక్కదనం చేతికే తెలుస్తుందట, నడుమ చెయ్యి మారితే ఆ ఎరుక పోతుందట. తిరిగి ఊరికి వెళ్తూ ఆయన తన తెడ్డు భీమయ్య చేతిలో పెట్టాడు. ఆ తర్వాత దాన్ని ఇంకొకరు ముట్టలేదు, బామ్మర్ది రాజమౌళితో సహా. వీసా తీసి పిలిపించుకున్న ఆ బామ్మర్దితో ఏళ్లుగా చక్కెర మూటలే మోయిస్తున్నాడు.

ఒక పొద్దున కార్ఖానా నడిపే ముదీర్ సోహైల్ లోపలికి వచ్చాడు. కంపెనీ పిలిపించిన ఉస్తా కొడుకు దిగాడనీ, ఈ రోజు వండింది రేపు రుచి చూస్తాడనీ చెప్పాడు.

"ఆయనకు నచ్చితే గంగాళం ఉంటుంది. నచ్చకపోతే కలిపే మెషీన్ వస్తుంది. అప్పుడు తెడ్డు ఖలాస్, భీమయ్య భాయ్."

తెడ్డుతో పాటు తన వీసా కూడా ఖలాసే. భీమయ్య పొయ్యి వెలిగించాడు. కొన్నాళ్లుగా కుడి భుజం సలుపుతున్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

పాలలా తెల్లగా మొదలైన పాకం చిక్కబడింది, నెమ్మదిగా తేటబడింది, తెడ్డు బరువెక్కింది. భుజం నుంచి వేళ్ల దాకా తిమ్మిరి పాకింది. వంటగది అద్దం గోడ అవతల సోహైల్ నిలబడి చూస్తున్నాడు.

"బావా, చెయ్యి గట్ల గుంజుతున్నవేంది?" రాజమౌళి మూట దించి దగ్గరికి వచ్చాడు.

"గుంజుడు గాదు, పనితనం. కరోనా ఏడు ఒక్కణ్నే..."

"వండినవ్. నిన్నగూడ జెప్పినవ్."

"మళ్ల ఇను."

వినిపించడానికి ఊపిరి చాలలేదు. తెడ్డు ఒక్క క్షణం ఆగింది. గంగాళం అడుగున చిటచిటమంది.

"ఆపకు బావా, మాడుతది."

"నాకే జెప్తవారా?"

ఎడమ చేతికి మార్చి చూశాడు. ఆ చేతికి పని తెలియదు, తెడ్డు అడుగుకు తాకకుండా పైపైనే తిరిగింది. ఒక్క నల్ల పొర లేచినా గంగాళం మొత్తం పారబోయడమే. తెడ్డు ఇస్తే ఉస్తా మాట పోతుంది, భీమయ్య పని అయిపోయిందని అద్దంలోంచి ముదీర్‌కు తెలిసిపోతుంది. అడుగున మళ్లీ చిటచిట.

"చేతులు కడుక్కొని రా," అన్నాడు భీమయ్య, గంగాళంలోకే చూస్తూ.

"ఇన్నేండ్ల సంది కడుక్కునే ఉన్న."

తిరుగుతున్న తెడ్డు తిరుగుతుండగానే చేతులు మారింది. రాజమౌళి హడావిడిగా రెండు చుట్లు తిప్పాడు.

"మెల్లగ. అడుగు గీక్కుంట ఒక్క దిక్కే తిప్పు."

భీమయ్య ఎడమ చెయ్యి బామ్మర్ది మణికట్టు మీద వేశాడు. పాకం బరువు ఆ ఎముకలోంచే తెలుస్తోంది. ఎప్పుడు వచ్చాడో సోహైల్ వెనకే నిలబడి ఉన్నాడు. పాకం అంచులు వదిలి ముద్దగా తెడ్డు చుట్టూ తిరిగాక భీమయ్య పిస్తా పోసి, పన్నీరు చల్లి, "ఇగ దింపు" అన్నాడు. ఆ రాత్రి క్యాంపులో ఇద్దరూ సరిగా తినలేదు.

మర్నాడు ఉస్తా కొడుకు ముక్క కోశాడు. వేలితో నొక్కాడు. అది నిదానంగా పైకి లేచింది. నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"ఎవరి చెయ్యి ఇది?" సోహైల్ ఆయన మాటను హిందీలోకి మార్చి అడిగాడు.

నాది అంటే సరిపోయేది. అనడానికి భీమయ్య నోరు తెరిచాడు కూడా. ముదీర్ కళ్లు తన భుజం మీదే ఉన్నాయి.

"మొదలు నాది. ఆఖరుకు మా బామ్మర్దిది."

ఉస్తా కొడుకు భీమయ్య కుడి భుజం వైపు చూస్తూ ఇంకో ముక్క తీసుకున్నాడు.

"మా నాన్నకూ చివర్లో భుజం పట్టేసింది. ఆఖరి చుట్లు నేనే తిప్పేవాణ్ని. అది మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు."

గంగాళం ఉండిపోయింది. రేపటి నుంచి తెడ్డు రాజమౌళికి, పక్కన నిలబడి చూసే పని భీమయ్యకు అని సోహైల్ తేల్చేశాడు.

సాయంత్రం కంపెనీ బస్సులో పక్క సీటు భోజన్న ఏం జరిగిందని అడిగాడు.

"ఏముంది, నేర్పింది నేనే గద," అన్నాడు భీమయ్య. కుడి చెయ్యి ఒళ్లో కదలకుండా ఉంది.

"అవు," అన్నాడు రాజమౌళి, ఆయన టిఫిన్ డబ్బా కూడా తానే పట్టుకుని. "మూటలు మోపిచ్చి మోపిచ్చి నేర్పిండు."