నాపబండ మీద రాసిన మాట

ఈ మధ్యాహ్నం నరసరావుపేటలోని మా ఆఫీసులో ఒక మెయిల్ రాస్తుంటే, చివరి వాక్యం మొదలుపెట్టానో లేదో, కంప్యూటరే దాన్ని పూర్తి చేసేసింది: మీ జవాబు కోసం లుకింగ్ ఫార్వర్డ్ అని. నిజానికి ఆ జవాబు రాకపోతేనే నాకు పని తక్కువ. అయినా ఆ మాట చూడగానే చేతులు ఆగిపోయి, మనసు మాచర్లలో మా ఇంటి ముందుకు వెళ్లిపోయింది.

అప్పట్లో నాన్న, ఇళ్లలో నేలకు పరిచే నాపబండల వ్యాపారం చేసేవాడు. గోడకు ఆనించిన ఆ నల్లటి బండలే మా ట్యూషనుకు బోర్డులు. డిగ్రీ పూర్తయి ఉద్యోగం కోసం చూస్తున్న ఎదురింటి అక్క, సాయంత్రాలు వీధి పిల్లల్ని కూర్చోబెట్టుకుని, రోజుకొక ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బ్ సుద్దముక్కతో వాటిమీద రాసేది. బేరం కుదిరితే బండలు ఆ రాతలతోనే ట్రాక్టరెక్కేవి. 'గెట్ అప్' ఎవరింట్లో నేలమీద పడుకుందో అని నాలో నేనే నవ్వుకునేదాన్ని. పైకి మాత్రం పదిమందిలో నాకు మాట పెగిలేది కాదు. దానికి నవ్వనిది అక్క ఒక్కతే. తను చదివిన పుస్తకాలిచ్చి, ఎలా ఉందో నన్ను విడిగా అడిగేది.

'లుక్ ఫార్వర్డ్ టు' చెప్పిన రోజు, ఊరికే ఎదురుచూడటం కాదు, వచ్చేది మనకిష్టమైనదై ఉండాలి, కరెంటు బిల్లు కోసం ఎవరూ అలా చూడరు అని వివరించి, తలా ఒక వాక్యం చెప్పమంది. ఒకడు ఆదివారం కోడికూర అన్నాడు, ఒకతె సెలవులంది, నేను తలవంచుకున్నాను. ఆఖర్న అక్క చల్లగా చెప్పింది, హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందని, పొద్దున్నే ప్రయాణమని.

తెల్లారగానే ఒక బండ మీద, నువ్వు తిరిగొచ్చే రోజు కోసం చూస్తుంటానని, అక్క నేర్పిన ఆ మాటతోనే ఇంగ్లీషులో రాశాను. హమాలీలు ట్రాక్టరులోకి బండలెత్తుతున్నారు, బస్టాండు దాకా అదే ట్రాక్టరులో వెళ్దామని వచ్చిన అక్క అది చదివింది.

"నువ్వేనా రాసింది? చానా బాగుందే. నోటితో అను మరి, అప్పుడొస్తా."

ఈలోగా ఇంజను మొదలైంది. అన్నాను. డ్రైవరు పక్కన కూర్చున్న అక్క చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏందే? వినపళ్లా!" అని అరిచింది. అప్పుడు వీధంతా వినేలా అరిచాను.

"ఓర్నీ, ఈ పిల్లకి గొంతుందిరోయ్!" అన్నాడు హమాలీ బాబాయి.

"వస్తాలేవే!" అని అక్క చెయ్యూపింది.

ఆ తర్వాత వాళ్లింటివాళ్లు కూడా హైదరాబాదు వెళ్లిపోయారు, ఇక అక్కకు మాచర్ల వచ్చే పనే లేకపోయింది. ఇప్పుడు అందరూ టైల్స్ వేయించుకుంటున్నారు, నాన్న వ్యాపారం మానేశాడు, మాచర్ల వెళ్లినప్పుడు ఎదురింటి తలుపు చప్పుడైతే మాత్రం నా తల ఇప్పటికీ అటే తిరుగుతుంది. ఆ బండ ఏ ఊళ్లో ఎవరి కాళ్లకింద ఉందో, మొదటి తడిగుడ్డకే నా అక్షరాలు పోయే ఉంటాయి.

మెయిల్లో ఆ వాక్యం చెరిపేసి, ఉత్త సంతకంతో పంపించాను. ఆ జవాబు కోసం నేను ఎదురుచూడటం లేదు.