గొడుగుల కోటు

ఆ రోజుల్లో, అంటే నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, ఊరంతా పని మానుకొని నన్నే చూస్తోందని నాకు గట్టి నమ్మకం. (ఊరికి వేరే పనులున్నాయని తెలియడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.) అలాంటి పిల్లకు మా అమ్మలాంటి అమ్మ దొరకడం ఇద్దరికీ పరీక్షే. అమ్మ చేతిలో పడ్డ గుడ్డ ఏదీ వృథా అయ్యేది కాదు. నాన్న పాత పంచె నాకు పావడా అయ్యేది, పావడా చిరిగితే దిండు గలీబు, గలీబు పాతబడితే మసిగుడ్డ. వాషర్‌మెన్‌పేట్‌లో మా రెండు గదుల ఇంట్లో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని చుట్టూ గుడ్డపీలికలు, వాటి మధ్య అమ్మ. వీధిలో సగంమంది రవికలు అక్కడే తయారయ్యేవి.

టైపు పరీక్ష ప్యాసైన ఏడాది, కోడంబాక్కంలో ఒక సినిమా కంపెనీ ఆఫీసు నుంచి నాకు ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. నవంబరు నెల, ఎడతెగని వాన. అమ్మకు ఇంకేం కావాలి! వీధి చివర గొడుగులు బాగుచేసే తాతను అడిగి విరిగిన గొడుగుల గుడ్డ తెచ్చి, రెండు రోజులు కూర్చుని నాకొక వానకోటు కుట్టింది. ముందూ వెనకా నలుపు. చేతులు మాత్రం గులాబి పూల గొడుగువి (నల్లగుడ్డ చాలలేదట). తలమీదికి చిన్నపిల్లల గొడుగు గుడ్డ, అంచు కుచ్చులతో సహా. వేసుకుని అద్దంలో చూసుకున్నాను. గొడుగుల అంగడికి కాళ్ళొచ్చినట్టుంది.

“నే ఏసుకోను మా. అందరూ నవ్వుతారు.”

“నవ్వితే నవ్వనీ. తడిస్తే జొరమొచ్చేది నీకా, వాళ్ళకా?”

“చచ్చినా ఏసుకోను!”

కోటు మిషను మీద పడేసి, ఇంట్లో ఉన్న పాత గొడుగు పట్టుకుని విసురుగా వెళ్ళిపోయాను. బీచ్ స్టేషన్లో రైలు మారేలోపే అది గాలికి వెనక్కి విరుచుకుపోయింది. కోడంబాక్కం ఆఫీసు వరండాలో నిలబడి చున్నీ పిండుకుంటుంటే అప్పుడు గుర్తొచ్చింది, సర్టిఫికెట్ల ఫైలు ఇంట్లోనే మరిచిపోయానని.

ఏడుపు దిగమింగుకుని బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి గేటు దగ్గర నవ్వులు వినిపించాయి. చూస్తే, ఒళ్ళంతా నలుపు, చేతులకు పూలు, నుదుటి మీద కుచ్చులు ఊపుకుంటూ ఒక మనిషి వస్తోంది. ఆ కోటు వేసుకుని మా అమ్మ! నా దగ్గరికొచ్చి, కోటు లోపలినుంచి ఫైలు తీసిచ్చింది. ఫైలూ తడవలేదు, అమ్మా తడవలేదు. సంతోషించాల్సిందే. కానీ ఉద్యోగానికొచ్చిన పదిమందీ మమ్మల్నే చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే దుస్తుల విభాగం చూసే మేడమ్ బయటికొచ్చి, “ఎవరమ్మా ఈవిడ?” అని నన్నడిగారు.

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. “మా పక్కింటావిడండీ,” అన్నాను.

అమ్మ నావైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. తర్వాత మేడమ్ వైపు తిరిగి తాపీగా, “అవును మేడమ్, పక్కిల్లే,” అంది.

“ఈ కోటు ఎక్కడ కొన్నారు?”

“కొనేదేంది మేడమ్! ఈ పాపోళ్ళమ్మ కుట్టింది. ఆమె రొంబ తెలివైన మనిషి. చింకిగుడ్డ ఇచ్చినా పట్టుచీర మాదిరి చేసిస్తాది. మా వీదిలో అట్టాంటామె ఇంకొకరు లేరు. ఈడ చూడండి, ఈ కుట్టులో నీళ్ళు దిగేదానికి సందుందా?”

అంతటితో ఆగితేనా! ఆ మహాతల్లి ఓర్పు, చేపల పులుసు, బిడ్డల పెంపకం అన్నీ వరసగా వర్ణించింది. వింటుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఇక ఆగలేక లేచి నిలబడ్డాను.

“మేడమ్, ఈమే మా అమ్మ,” అన్నాను, అందరికీ వినబడేలా.

“ఇద్దరి ముక్కులూ చూడగానే తెలిసిందమ్మా,” అన్నారు మేడమ్ నవ్వుతూ.

ఆ ఉద్యోగం నాకు రాలేదు (ఒక్క పేజీలో పద్నాలుగు తప్పులు కొట్టాను). అమ్మకు వచ్చింది. మరుసటి వారం నుంచే వాళ్ళ కుట్టుగదిలో చేరమన్నారు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో, “తప్పయిపోయింది మా,” అని అమ్మ చెయ్యి పట్టుకున్నాను. “పోనీలే. నన్ను నేను పొగుడుకునేదానికి ఇన్నాళ్ళకు ఒక సందు దొరికింది,” అంది.

ఇరవై ఏళ్ళు అమ్మ ఆ గదిలో రాజులకూ దేవతలకూ దయ్యాలకూ కుట్టింది. ఆ సంపాదనతోనే నేను పై చదువు చదివాను. నాకు కూతురు పుట్టాక అమ్మ మళ్ళీ చిన్నపిల్ల అయిపోయింది. బడిలో వేషాల పోటీకి మనవరాలిని ఒకసారి వంకాయను చేసింది, ఒకసారి పీతను చేసింది. నా కూతురు నాలాంటిది కాదు. పీత కాళ్ళు ఎనిమిదీ ఊపుతూ, కనబడ్డవాళ్ళందరినీ ఆపి, “మా అవ్వ కుట్టింది!” అని చుట్టూ తిరిగి చూపించింది.

పోయినేడు అమ్మ పోయింది. ఇప్పుడు బస్సులో పక్కనెవరైనా మంచి రవిక వేసుకుని కూర్చుంటే చాలు, నేను అమ్మ కథ మొదలుపెడతాను. మొన్న నా కూతురు మోచేత్తో పొడిచి, “పోదుమ్ మా, ఇంక చాలు, స్టాపు వచ్చేసింది,” అంది. దిగాక మిగతా కథ దానికే చెప్పాను. అది వందసార్లు విన్నదే. ఆ వరండాలో తడిసి నిలబడ్డ పిల్లను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. అంత గొప్ప మనిషి పక్కన నిలబడే అదృష్టం వచ్చినా, పాపం, దాని కళ్ళకు కుచ్చులే కనబడ్డాయి.