పావురాలకు కుట్టిన చీకటి

డాబా ఊడ్చే పని ఎప్పుడూ నాదే. పెళ్లయి వచ్చిన కొత్తలో చీపురుకు చేప పొలుసులు, ఎండిన నెత్తళ్ల తలలు తగిలేవి. మా ఆయన పావురాలు తెచ్చినప్పటి నుంచి ఈకలు తగలడం మొదలయింది. చిన్న నూగు ఈకలైతే ఎవరూ పట్టించుకోరు. జానెడంత రెక్క ఈక దొరికిందంటే మాత్రం ఆ పూట మా ఇంట్లో అన్నం ముందు కూర్చున్నవాళ్లెవరూ నోరు విప్పేవారు కాదు.

మాది నౌపడకు దగ్గర్లో సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన ముందు వేటకు వెళ్లేవాడు. మోకాలు పట్టేశాక పడవ మానేసి ఆటో కొన్నాడు. మధ్యాహ్నం దాటాక పడవలు ఒడ్డుకు చేరితే చేపలు ఎక్కించుకుని టెక్కలి వైపు పోయి, రాత్రి అన్నాల వేళకు తిరిగొచ్చేవాడు. సముద్రం మీదికి వెళ్లలేకపోయిన బెంగంతా పావురాల మీద ఇష్టంగా మారిందని నా అనుమానం. ఇవి దూరం తీసుకెళ్లి వదిలితే ఇల్లు వెతుక్కుంటూ వచ్చే జాతి. మా జిల్లాలో ఈ పిచ్చి ఉన్నవాళ్లంతా కలిసి ఏటా ఎండలు ముదరకముందే పందెం పెట్టుకునేవారు. గెలిస్తే ఒక స్టీలు కప్పు, చాలా రోజులు చెప్పుకోవడానికి ఒక కబురు.

నేను చెప్పబోయే సంగతికి ముందు ఏడు ఆ పందెం మాకు అచ్చిరాలేదు. సరిగ్గా పందెం ముందర మా పిల్ల పావురాలు రెక్క ఈకలు రాల్చుకోవడం మొదలుపెట్టాయి. పాతవి రాలాయి, కొత్తవి సగమే వచ్చాయి. రెక్క విప్పితే పన్నూడిన నోరులా మధ్యలో ఖాళీ. అలాగే పందేనికి బరంపురం పంపాడు. ఒక్కటే తిరిగొచ్చింది, అదీ రెండు రోజుల తరవాత, నడిచి వచ్చినట్టు వచ్చింది. మిగతావాటి కోసం మా ఆయన ఎన్నాళ్లు ఉత్తరం దిక్కు చూస్తూ కూర్చున్నాడో!

పోయిన పావురాల చోటు నింపడానికి ఆ కార్తీకంలో గూట్లో ఉన్న పెద్ద జంటలతో మళ్లీ పిల్లల్ని పొదిగించాడు. అవి కళ్లు తెరిచిన రోజున నాతో అన్నాడు.

“ఈ ఏడు కూడా అలగే అయితే గూడు ఇప్పేస్తానే. ఆ సెక్కలతో నీకు సేపలారబెట్టుకునే మంచె సేసిస్తాను.”

ఆ మంచె కోసం నేను ఆయన వెనక ఎన్నాళ్లు పడ్డానో లెక్క లేదు. తీరా ఇస్తానన్న రోజున నాకది వద్దే వద్దనిపించింది. పావురాలు పోయాక ఉత్తరం దిక్కు చూస్తూ కూర్చున్న మా ఆయన్ని ఒకసారి చూశాను. మళ్లీ చూడలేను.

అప్పుడే విశాఖపట్నంలో పావురాలు పెంచే స్నేహితుడొకడు ఫోన్లో ఒక ఉపాయం చెప్పాడట. మా ఆయన అన్నం తింటూ తింటూ నాకు విడమరిచి చెప్పాడు. పావురానికి నెలలూ తిథులూ తెలియవు. పగలు ఎంత పొడుగుందన్నదే దానికి లెక్క. పగలు పొడుగవుతూ ఉంటే పిల్ల పావురం ఒంటికి ఈక మార్చే కాలం వచ్చిందని తెలిసిపోతుంది. అదే మనం గూటిని సాయంత్రం పెందలాడే చీకటి చేసి, పొద్దున ఆలస్యంగా వెలుగు చూపిస్తే, ఇంకా పొట్టి పగళ్లే అనుకుని ఉన్న ఈకల్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. పందెం అయిపోయాక చీకటి తీసేస్తే అప్పుడు తీరిగ్గా రాల్చుకుంటుంది.

“అంటే పావురాన్ని మోసం సేత్తామన్నమాట,” అన్నాను.

“మోసం కాదే, బతిమాలడం. కొన్నాళ్లు ఆగమ్మా అని.”

హుద్‌హుద్ తుఫానప్పుడు పైకప్పు మీద కప్పడానికి కొన్న నల్ల టార్పాలిన్ అటక మీదుంది. దాన్ని దించి, వల అల్లే దారంతో నేనే తెర కుట్టాను. చీకటి కావాలి గానీ ఉక్క పోయకూడదని ఆయన షరతు. గాలి ఆడకపోతే పావురాలకు ముక్కు కారుతుందట. అందుకని పైన గాలికి సందు వదిలి, ఆ సందు మీద చూరులా ఇంకో అంచు వేలాడేట్టు, చీర కుచ్చిళ్లలా మడతలు పెట్టి కుట్టాను. గాలి వస్తుంది, వెలుగు రాదు. వేళ్లకు బొబ్బలెక్కాయి గానీ, అంత ముచ్చటగా నేను జాకెట్ కూడా కుట్టుకోలేదు.

చీకటి సరిపోయిందో లేదో చూడాలి కదా. మా ఆయన గూట్లోకి దూరి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. మా తమ్ముడు అదే వీధిలో ఉంటాడు, బావని ఏడిపించడానికే పుట్టాడు. వాడు బయట నుంచి తెర దించి గడియ వేశాడు.

“బావా, నీ సెయ్యి నీకు కనిపిస్తన్నాదేటి?”

“నేదురా.”

“నాను ఎన్ని ఏళ్లు సూపిస్తన్నాను సెప్పు?”

“ఒరే, నువ్వు బయటున్నావు. నాకెలగ కనిపిస్తాదిరా?”

“అయితే సీకటి బాగుందన్నమాట. ఒసే అప్పా, మీ ఆయన గూట్లో కుదురుకున్నాడు, జొన్నలెయ్యి!”

నేను నవ్వు ఆపుకోలేక పిట్టగోడ పట్టుకున్నాను. లోపల మా ఆయన తిట్టే తిట్లకు పావురాలు కూడా గుర్రుమన్నాయి.

ఆ రోజు నుంచి అదే నడిచింది. బడి పిల్లలు వీధిలోకి వచ్చే వేళకు ఆయన తెర దించి ఆటో తీసేవాడు. పొద్దున చద్దన్నం గిన్నెలు కడిగాక నేను పైకెళ్లి ఎత్తేదాన్ని. గూట్లో పిల్లలు నిగనిగలాడుతూ ఎదిగాయి. వాటిల్లో ఒక బూడిదరంగు పెట్ట ఉండేది. మిగతావి గుమ్మం దగ్గరి మెట్ల మీద కూర్చోవడానికి కొట్టుకుంటుంటే అది వెనక మూలకు పోయి కూర్చునేది. మా అత్త దాన్ని ముంగిపిల్ల అనేది. ముంగి అంటే మా వైపు నోట్లో మాట లేనిదని.

మా అత్త సంగతి ఇప్పుడు చెప్పాలి. ఆవిడకు పావురాలంటే ప్రాణం. చీకటంటేనే గిట్టదు. తెర దించుతుంటే మొదటిరోజే పైకొచ్చి నడుం మీద చేతులేసుకుంది.

“ఒరే, సందె ఏళకి ఎవులైనా తలుపు మూసి సీకటి సేసుకుంటారేట్రా? లచ్చిమి గుమ్మం దాకా వచ్చి ఎనక్కి ఎలిపోతాది.”

“అమ్మా, అది పావురాల గూడే.”

“అయితే? దానికి గుమ్మం నేదేటి?”

మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆవిడా ఏమీ అనకుండా కిందికి దిగింది. మా అత్త ఏమీ అనలేదంటే ఒప్పుకుందని కాదని ఆమె కొడుక్కి ఆ వయసులో కూడా తెలియలేదు.

సంక్రాంతి వెళ్లి, శివరాత్రి దగ్గర పడుతుండగా ఒక పొద్దున నా చీపురుకు జానెడు ఈక తగిలింది. మర్నాడు ఇంకోటి. ఆ తర్వాత మూడు పావురాల రెక్కల్లో సందులు కనిపించాయి. మా ఆయన ముఖం చూడలేకపోయాను. తెరంతా ఎండకు పట్టి సూది రంధ్రాలు వెతికాడు. చివరికి నాతో, “ఎక్కడో కుట్టు ఊడిందే. నువ్వు దగ్గరగా కుట్టనేదు,” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వలలు బాగుచేసే ఇంట్లో పుట్టినదాన్ని. నా కుట్టులోంచి నెత్తలి పిల్ల జారదు, వెలుగు జారుతుందా?

అప్పట్లో సాయంత్రమంతా నాకు ఒడ్డు దగ్గరే సరిపోయేది. చేపలు ఏరి ఉప్పు పట్టించి వచ్చేసరికి బాగా చీకటిపడేది. ఒకరోజు పడవలు తక్కువ వచ్చాయి. సందెవేళకే ఇంటికొచ్చి, ఆరిన మిరపకాయలు తీద్దామని డాబా ఎక్కాను. నా తెర నిలువునా పైకి చుట్టి ఉంది. పడమటి వెలుగంతా గూటి ముందు భాగంలో పడుతోంది. గుమ్మం మీద మట్టి ప్రమిద వెలుగుతోంది. ముందు మెట్ల మీది పావురాలు బారులు తీరి కూర్చుని, మా అత్త చేతిలోంచి పెసలు తింటున్నాయి. ఆవిడ వాటితో, “పాపం, ఆడు తెచ్చి మిమ్మల్ని సీకట్లో ఎట్టేశాడు. నానున్నాను కదేటి,” అంటోంది.

“అత్తా! ఏటిది?”

ఆవిడ ఉలిక్కిపడలేదు. “దీపం,” అంది. కళ్లు కనబడవా అన్నట్టు చూసింది.

రోజూ ఇదే పనట. కొడుకు ఆటో మలుపు తిరగగానే తెర ఎత్తి, దీపం పెట్టి, అది కొండెక్కాక మళ్లీ దించి వచ్చేదట. మేం పావురాలకు కోసి తగ్గించిన పగటిని ఆవిడ రోజూ మళ్లీ అతికిస్తూ వచ్చిందన్నమాట.

ఆ రోజు ఆటోకు కూడా పనిలేదు. మా ఆయన తొందరగా వచ్చి పైకెక్కాడు. చూశాడు. నేను ఏమంటాడో అని హడలిపోయాను.

“అమ్మా, నా గూడు కూల్చేశావే,” అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

“నానేటి కూల్చాన్రా? మీ అయ్య ఏటకెళ్లిన రోజుల్లో ఒక్కనాడు సందె తలుపు మూశానేటి? దీపం ఎట్టకుండా ఉన్నానేటి? తుఫాన్లొచ్చినా మీ అయ్య ఇంటికి రాని రోజుందా? నువ్వెళ్లినప్పుడూ అంతే. నువ్వీటిని దూరం పంపుతావు. ఎనక్కి రావాలంటే దీపం ఉండొద్దేట్రా? పోయినేడు ఈటికి ఎట్టనేదు. ఏటయినాది?”

మా ఆయన వెళ్లి ప్రమిద ముందు నిలబడ్డాడు. తల్లీ కొడుకూ కోరుకుంటున్నది ఒకటే. అవి తిరిగి రావాలి. ఒకరు చీకటితో రప్పించాలని చూస్తున్నారు, ఒకరు వెలుగుతో.

ఆయన తల్లి పక్కన ప్రమిద దగ్గర కూలబడి, నాకు చెప్పినట్టే పగటి లెక్క అంతా ఆవిడకూ చెప్పాడు. ముందు మెట్ల మీది పావురాన్ని పట్టుకుని రెక్క విప్పి చూపించాడు. తర్వాత వెనక మూల నుంచి ముంగిపిల్లను తీసి దాని రెక్క విప్పాడు. ఒక్క ఈక రాలలేదు. దీపం దాకా రాని పిల్ల కదా, వెలుగు దాని మూలకు చేరలేదు. అత్త ఆ రెండు రెక్కలూ చేత్తో తడిమి తడిమి చూసింది.

చివరికి ఆవిడే తీర్పు చెప్పింది. “సందె ఏళకి తలుపు మూయకూడదు. నిజమే. గానీ సందె కాకముందే మూసుకుని పడుకున్నోళ్లకి తప్పేటుంది? సంటిపిల్లలు పడుకోరేటి? తెర ఇంకా పెందలాడే, పొద్దు బాగా ఉండగానే ఎయ్యాలి. నానేస్తాను. దీపం పిట్టగోడకి అవతల సముద్రం వైపు ఎడతాను. ఈటి మీద ఎలుగు పడకుండా ఓ అడ్డెట్టు.”

అంతే. మర్నాటి నుంచి మా ఇంట్లో చీకటికి ఆవిడే కాపలా. అలాంటి కాపలాను నేను ఎక్కడా చూడలేదు. తమ్ముడు డాబా మీద ఫోన్లో లైటు వేస్తే, “ఒరే, అది ఆర్పు! పిల్లలు నిద్రపోతన్నారు,” అని కసిరేది. పక్కింటివాళ్లు పెళ్లికని మా వైపు సీరియల్ బల్బులు వేలాడదీస్తే వెళ్లి దెబ్బలాడి వాటిని ఇంటి ముందు వైపుకు మార్పించింది. పున్నమి నాడు చంద్రుణ్ణి కూడా అదోలా చూసింది.

సందులు పడ్డ మూడింటినీ ఆయన పంపలేదు. మిగతావాటిలో ఈకలు రాలడం ఆగింది. పందేనికి వాటితో పాటు ముంగిపిల్లనూ, కాళ్లకు పందెం నంబరున్న రబ్బరు ఉంగరాలు తొడిగించి, బుట్టలో పెట్టాడు. ఈసారి భువనేశ్వర్‌లో వదిలారని పొద్దున ఫోన్ వచ్చింది. ఇక మా డాబా మీద ఎవరికీ కాలు నిలవలేదు. ఆయన పిట్టగోడ పట్టుకుని ఉత్తరానికి తిరిగాడు. తమ్ముడు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు.

“బావా, కాకి వస్తన్నాది, ఉంగరం తీస్తావేటి?”

“నోరు ముయ్యరా.”

మా అత్త పట్టపగలు ప్రమిద వెలిగించి పిట్టగోడ మీద పెట్టింది. ఎవరూ నవ్వలేదు. తమ్ముడు కూడా. పైగా గాలికి ఆరకుండా వాడే అడ్డంగా చెయ్యి పెట్టాడు.

ఎండ నడినెత్తికి వస్తుండగా ఉప్పుమడుల మీదుగా ఒక చుక్క కనిపించింది. కాకి అనుకున్నాం. అది రెక్కలు వెనక్కి మడిచి రాయిలా దిగింది. ముంగిపిల్ల! వచ్చి గూటి మీద కాకుండా పిట్టగోడ మీద వాలి, తీరిగ్గా అటూ ఇటూ చూడసాగింది. గూట్లోకి దూరితే గానీ ఉంగరం తీయడానికి లేదు, దాని నంబరు ఫోన్లో చెబితే గానీ పందెంలో చేరినట్టు లెక్క కాదు. మా ఆయన కదిలితే ఎగురుతుందేమోనని ఉన్నచోటే నిలబడ్డాడు. అత్త పెసల డబ్బా గలగలలాడించింది.

“రాయే నా తల్లీ. రాయే. సూడు, నీ కోసం దీపమెట్టాను.”

పెట్ట గబగబా నడిచి గూట్లో దూరింది. మా ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుంటే రబ్బరు ఉంగరం నేను తీశాను. దాని మీది నంబరు తమ్ముడు ఫోన్లో అరిచి చెప్పాడు. ఆ అరుపుకు వీధంతా బయటికొచ్చింది. సాయంత్రానికి పంపినవన్నీ ఒక్కొక్కటే ఇల్లు చేరాయి. కప్పు మాకు రాలేదు, పలాస వైపు ఎవరికో పోయింది. మా ఇంట్లో ఆ సంగతి గుర్తుపెట్టుకున్నవాళ్లు లేరు. అత్త బెల్లం పాయసం వండింది. తమ్ముడు మూడుసార్లు వడ్డించుకున్నాడు.

ఆ సందెవేళ తెర దించే పని లేదు. అత్త పైకెక్కి, దాన్ని నిలువునా చుట్టేసి, గుమ్మం మీద దీపం పెట్టింది. ముంగిపిల్ల మొదటిసారి ముందు మెట్టు మీదికి వచ్చి కూర్చుంది.

తర్వాత కొన్నాళ్లకు పావురాలన్నీ కలిసి మొదలుపెట్టాయి చూడండి, డాబా అంతా ఈకలే. నా చీపురు నిండా ఈకలే. గంపకెత్తి పోస్తుంటే మా ఆయన మెట్ల మీంచి తొంగిచూసి నవ్వాడు. అప్పటికి విప్పిన తెర ఇంకా గూటి పక్కనే పడి ఉంది.

“ఏటి సేద్దాం దీన్ని? పారెయ్యనా?” అన్నాను, కావాలనే.

“పారేస్తావేటే! దులిపి, మడత నలగకుండా అటక మీద ఎట్టు. మళ్లీ కార్తీకం రాదేటి?”

నా మంచె సంగతి నేను ఎత్తలేదు. నెత్తళ్లు ఈనాటికీ మా డాబా నేల మీదే ఆరుతున్నాయి.