పుట్టి మునిగిందని ఫోన్ వచ్చిన ఆదివారం

ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లు ఉందనగా, ఒక వానకాలం మొదట్లో, నన్ను రాయచూరు జిల్లాలో కృష్ణకు దగ్గరగా ఉన్న ఒక అగ్నిమాపక కేంద్రానికి స్టేషన్ ఆఫీసరుగా వేశారు. ఫైర్‌మన్‌గా చేరి, ఒక్కో మెట్టే ఎక్కుతూ, ఊరూరూ తిరిగి వచ్చినవాణ్ని. పుట్టింది అదే జిల్లాలోని యరగేరలో. సొంత గడ్డకు వచ్చాను కదా, చివరి రెండేళ్లు ప్రశాంతంగా గడిచిపోతాయని సంతోషించాను. ఆ సంతోషం దసరా దాకా కూడా నిలవలేదు. ఇక్కడ చెప్పబోయేది ఆ అక్టోబరులో ఒక ఆదివారం జరిగిన సంగతి.

ఫైర్ సర్వీసు అంటే మంటలు ఆర్పడమే అనుకుంటారు చాలామంది. బావిలో పడ్డ గేదె, కాలువలో పడ్డ లారీ, ఏటిలో చిక్కుకున్న మనుషులు, అన్నీ మా నెత్తినే. మా దగ్గర నీళ్ల ట్యాంకరుతో మంటలార్పే బండి ఒకటి, రెస్క్యూ వ్యాను ఒకటి, అందులో మడిచిపెట్టిన రబ్బరు పడవ, దాని ఇంజను ఉండేవి. షిఫ్టుకు ఎనిమిది మందిమి. పడవ నీళ్లలో దిగాలంటే అయిదుగురు కావాలి. ఇంజను దగ్గర ఒకడు, పడవలో ఇద్దరు, ఒడ్డున తాడు పట్టుకుని ఒకడు, అందరినీ నడిపించడానికి నేనో సబ్ ఆఫీసరో. అంటే పడవ ఏటికి పోతే, ఎక్కడ ఏది అంటుకున్నా ఆర్పడానికి మిగిలేది ముగ్గురు. ఈ లెక్క జనానికి తెలియదు. చెప్పినా వినరు.

ఆ ఏడు ఏటి మీద సరదాలు ఎక్కువయ్యాయి. మా నాయన ఏరు దాటే ముందు నీళ్లకు దండం పెట్టేవాడు. వీళ్లు ఫోన్ ఎత్తి ఫొటో తీసుకుంటున్నారు. ఒక ఆదివారం ఒక జట్టు ఆన్‌లైన్లో తెప్పించుకున్న గాలి పడవలో నది మధ్యకు పోయింది. పడవలో గాలి తగ్గింది. పంపు ఇంట్లో మరిచిపోయారట, మాకు ఫోన్. ఇంకో వారం ఇంకొకరు. బండ మీద దింపిన పడవవాడు అన్నానికి పోయాడు, ఎండలో ఎంతసేపు కూర్చోవాలని మాకు ఫోన్. మూడో వారం ప్రమాదమని పిలిస్తే సైరన్ మోగించుకుంటూ పోయాం. తీరా చూస్తే ఒకాయన ఫోన్ నీళ్లలో పడింది. "మీకు ఈత వచ్చు కదా, ఒకసారి మునిగి చూడండి" అన్నాడు. నా నోట ఏ మాట వచ్చిందో ఇక్కడ రాయను.

మేం ఆ ఫోన్ యజమానితో ఏటి గట్టున వాదులాడుతున్న సమయంలోనే మట్మారిలో ఒక రైతు గడ్డివాములు రెండూ అంటుకున్నాయి. ముగ్గురు మనుషులతో బండి పోయింది, పైపు పట్టేవాడే లేక సగం పని ఊరివాళ్లే చేశారు. ఏడాది పొడుగునా పశువులకు కావలసిన మేత బూడిదైపోయింది. మర్నాడు ఆ రైతు స్టేషనుకు వచ్చాడు. తిట్టలేదు. "మీ పెద్ద జట్టంత ఏటికాడ ఉన్నరంట గద సార్, పానాలు పోతుండెనా?" అని మాత్రం అడిగాడు. ఫోన్ కోసం పోయామని చెప్పలేక తల దించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను అంటే అతిశయోక్తి కాదు.

ఆ సిగ్గులోంచి నాకొక తెలివి పుట్టింది. మా నిబంధన ప్రకారం పిలుపు వస్తే గంట కొట్టాలి, నిమిషంలో బండి గేటు దాటాలి. దాన్ని టర్న్ అవుట్ అంటాం. పిలుపు మంచిదా చెడ్డదా అన్నది తిరిగొచ్చాక రాసుకునే విషయం, పోకముందు తేల్చే అధికారం ఎవరికీ లేదు. అది నాకు బాగా తెలుసు. తెలిసీ, ఒక అట్టముక్క మీద మూడు ప్రశ్నలు రాసి వాచ్ రూములో, అంటే ఫోన్లు తీసే గదిలో, గోడకు అంటించాను. మీరు ఎంతమంది ఉన్నారు? నీళ్లలో ఉన్నారా, గట్టి చోట ఉన్నారా? ఎవరికైనా దెబ్బలు తగిలాయా? సరదాకు ఏటికి పోయినవాళ్లు ఫోన్ చేస్తే ముందు ఇవి అడగాలి. గట్టి చోట క్షేమంగా ఉంటే పడవ కదలదు, ఏటి ఒడ్డు పల్లెకు ఫోన్ చేసి వాళ్లను తీసుకురమ్మంటాం. పై అధికారులను అడగలేదు. అడిగితే ఒప్పుకోరని తెలుసు. రెండు ఆదివారాలు ఏ గొడవా లేకుండా గడిచాయి. ఇన్నేళ్ల సర్వీసులో ఎవరికీ తట్టనిది నాకు తట్టిందని మీసం మెలేశాను కూడా.

మూడో ఆదివారం మధ్యాహ్నం వాచ్ రూములో ఉన్నది వెంకటేశ్వర్లు. తుంగభద్ర కాలువ కింద క్యాంపులో, అంటే వలస రైతులు కట్టుకున్న ఊళ్లో, పుట్టి పెరిగినవాడు, వాళ్ల తాతలు గోదావరి వైపు నుంచి వరి పండించుకోవడానికి వచ్చారు. పని తెలిసినవాడు, మాట నెమ్మది. మా స్టేషనుకు వచ్చి అప్పటికి పదిహేను రోజులైంది. మూడు గంటలు కావస్తుండగా నా గదిలోకి వచ్చాడు.

"ఎవరో ఆడమనిషండి సార్. పుట్టి మునిగిపోయిందంటూ ఒకటే గోల. జల్దీ రండి, జల్దీ రండి అంటారు, సంగతేంటో చెప్పరు. నేను అడుగుతుండగానే పెట్టేశారండి."

ఇక్కడ ఒక మాట వివరించాలి. మా ఏటి ఒడ్డున పుట్టి అంటే వెదురుతో గుండ్రంగా అల్లి, అడుగున తారు పూసిన తెప్ప. కన్నడంలో హరిగోలు. కోస్తా వాళ్లకు పుట్టి అంటే ధాన్యం కొలత. తెప్పగా దాన్ని వాళ్లు కళ్లతో చూసింది తక్కువ, సామెతగా విన్నదే ఎక్కువ. "ఇప్పుడేం పుట్టి మునిగిందని అంత కంగారు?" అంటారు, కొంప మునిగిందా అన్నట్టు. వెంకటేశ్వర్లు ఆవిడ మాటను అలాగే విన్నాడు. అతనికి తెలియదు, సరే. నేను యరగేరవాణ్ని, చిన్నప్పుడు పుట్టిలో కృష్ణ దాటినవాణ్ని. కానీ ఆ మాట గోదావరి యాసలో, మర్యాదగా, అతని నోటి నుంచి వచ్చేసరికి నాకూ సామెతే వినబడింది. పైగా అది ఆదివారం.

"ఏం మునిగిందంట, ఇల్లా వాకిలా? మల్ల ఫోన్ జేసి మూడు ప్రశ్నలు అడుగు" అన్నాను.

చేశాడు. ఆ నంబరు ఖాళీగా లేదు. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

ఎనిమిది నిమిషాల తర్వాత ఇంకో ఫోన్ వచ్చింది. మాట్లాడింది రాయచూరులో ఉద్యోగం చేసుకునే ఒక యువకుడు, స్నేహితులతో ఏటికి వచ్చాడు. మూడు ప్రశ్నలకూ పరీక్షలో రాసినట్టు జవాబులు చెప్పాడు. నలుగురం, బండ మీద ఉన్నాం, ఎవరికీ దెబ్బల్లేవు, కాస్త తొందరగా రండి. వెంకటేశ్వర్లు అన్నీ వరుసగా రాసుకొచ్చి చూపించాడు. శభాష్ అన్నాను. పడవ అక్కర్లేదని తేల్చి, ఏటి ఒడ్డు పల్లెలో చేపలు పట్టేవాళ్ల పెద్దమనిషికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇంకొకరికి చేశాను. అతనూ ఎత్తలేదు. ఆదివారం వీళ్లకు కూడా సెలవా అని విసుక్కుని టీ తెప్పించుకున్నాను. ఆ టీ తాగిన సంగతి నేను రిపోర్టులో రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను.

కప్పు పక్కన పెట్టి, ఏ బండో కనుక్కుందామని ఆ యువకుడికి నేనే ఫోన్ చేశాను. పల్లెకు ఎగువన, పెద్ద బండ అన్నాడు.

"ఆడికి ఎట్ల పోయిండ్రు?"

"పుట్టిలో సార్."

"పుట్టి యాడుంది?"

"అది మునిగిపోయింది కదా సార్."

"నడిపినాయన?"

"మమ్మల్ని బండ ఎక్కించాడు సార్. తర్వాత నీళ్లు లాగేశాయి. అతనికి ఈత వచ్చు."

ఆవిడ సామెత చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గంట నేనే కొట్టాను. ఆవిడ ఫోన్ చేసిన పంతొమ్మిది నిమిషాలకు మా వ్యాను గేటు దాటింది. ఏటికి పద్నాలుగు కిలోమీటర్లు. దారి పొడుగునా నేను అనుకున్నది ఒకటే, ఆ మనిషి బతికుండాలి.

మేం చేరేసరికి చేపలవాళ్లు అతణ్ని ఒడ్డున పడుకోబెట్టి ఉన్నారు. పేరు హుసేనప్ప, నలభై దాటిన మనిషి. ఎగువ నుంచి నీళ్లు వదిలారు, ఏరు నిండుగా లేకపోయినా బండల మధ్య వడి ఎక్కువగా ఉంది. ఫొటో కోసం నలుగురూ ఒకే పక్కకు లేచి నిలబడితే పుట్టి ఒరిగిపోయింది. అతను ఒక్కొక్కణ్నీ బండ మీదికి తోశాడు. నాలుగోవాణ్ని తోశాక పట్టు తప్పాడు. చాలా దూరం దిగువన, వలలు కట్టే గుంజలకు చిక్కుకుని వేలాడుతుంటే చేపలవాళ్లకు దొరికాడు. బతికే ఉన్నాడు. కుడి భుజం కీలు తప్పి చెయ్యి వేలాడుతోంది. నేను ఫోన్ చేసిన పెద్దమనుషులిద్దరూ తడి బట్టలతో అతని పక్కనే ఉన్నారు.

అతణ్ని ఆంబులెన్సు ఎక్కించి, పడవ దించి, నలుగురినీ తీసుకొచ్చాం. ఫోన్ చేసిన యువకుడు ఒడ్డున కాలు పెడుతూనే ఇంత ఆలస్యమా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పుట్టి నడిపే మనిషి నీళ్లలో కొట్టుకుపోయాడని ఫోన్లో ఎందుకు చెప్పలేదని గద్దించాను.

"మీరు ఎంతమంది అని అడిగారు సార్. మేం నలుగురమే కదా" అన్నాడు.

అతను అబద్ధమాడలేదు. నేను రాసిన ప్రశ్నకు సరైన జవాబే అది. కొట్టాలన్నంత కోపం వచ్చింది, కానీ ఎవరిని కొట్టాలో తెలియలేదు.

మొదట ఫోన్ చేసినావిడ హుసేనప్ప భార్య తాయమ్మ. ఆంబులెన్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. వెంకటేశ్వర్లును ఏమీ అనలేదు, అతను అక్కడ లేడు కూడా. నన్ను చూసి అంది.

"పుట్టి మునిగిందంటే మావోళ్లు ఒక్క మాట అడగలే, ఉరికిన్రు. నువ్వు ఈడి మనిషివేనంట గద సారూ. నీకు గూడ సమజ్ గాలేదా?"

తలుపు వేసుకుని వెళ్లిపోయారు.

అకరెన్స్ బుక్‌లో, అంటే రోజూ జరిగినవన్నీ రాసే పుస్తకంలో, మొదటి ఫోన్ వచ్చిన సమయం, బండి కదిలిన సమయం ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఆలస్యానికి కారణం అన్న చోట వెంకటేశ్వర్లు పేరు కాకుండా నా పేరు రాశాను. మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను, ఒక మందలింపు సర్వీసు రికార్డుకు ఎక్కింది. అది న్యాయమే. హుసేనప్ప భుజం పూర్తిగా కుదురుకోలేదు. మళ్లీ పుట్టి నడపలేదు.

గోడ మీది అట్టముక్క తీసేశాను. ఆ తర్వాత మా స్టేషనులో పద్ధతి ఇది. ముందు గంట, తర్వాత ప్రశ్నలు, అవీ బండి దారిలో ఉండగా. మొదటి ప్రశ్న, నీళ్లలో ఎవరైనా ఉన్నారా? ఫోన్ చేసినవాళ్లు ఎంతమందో తర్వాత సంగతి. సరదాలకు పోయినవాళ్ల పనికిమాలిన పిలుపులు అప్పుడూ ఆగలేదు, నేను దిగిపోయే రోజు దాకా వచ్చాయి. అలాంటివాళ్ల మీద కేసు పెట్టాలని, జరిమానా వేయాలని నేను ఈనాటికీ అంటాను. కానీ అది వాళ్లను ఒడ్డుకు చేర్చాక. పిలిచేవాడు మూర్ఖుడే కావచ్చు, అతని మూర్ఖత్వానికి నీళ్లలో పడ్డది ఇంకెవరో అయి ఉండొచ్చు. స్టేషన్లో కూర్చుని అది తేల్చడం ఎవరి వల్లా కాదు. కోప్పడటానికి తిరుగు దారిలో కావలసినంత సమయం ఉంటుంది.