చక్రాల గుంతలో చిలగడదుంప

ఆ రోజుల్లో పాలిటెక్నిక్ నుంచి డిప్లొమా పట్టుకొని బయటికి వచ్చిన కుర్రవాడికి ఒక జబ్బు ఉండేది. లోకంలో ఉన్న ఇనుమంతా తన కోసమే కాచుకొని ఉందనీ, తాను వచ్చి చెప్పేదాకా దానికి ఎలా కరగాలో, ఎలా గట్టిపడాలో పాపం తెలియదనీ అనుకునేవాడు. ఇప్పటి పిల్లలకు ఆ జబ్బు ఉందో లేదో గానీ నాకు మాత్రం బాగా ముదిరింది. చొక్కా జేబులో రెండు పెన్నులూ ఒక స్టీలు స్కేలూ పెట్టుకొని (ఆ స్కేలుతో నేను దేన్నయినా కొలిచినట్టు గుర్తు లేదు) తమిళనాడు రాజపాళయంలో మా మామ ఫౌండ్రీలో ఇంజనీరుగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మామ అంటే మా అమ్మకు అన్న. ఇంజనీరు అంటే మామ పెట్టిన పేరే. అక్కడ నాకు ముందు ఆ ఉద్యోగం లేదు, నేను లేనందువల్ల ఆగిపోయిన పనీ లేదు.

ఫౌండ్రీ సత్రపట్టికి పోయే దారిలో ఉండేది. రేకుల షెడ్డు, ఒక కొలిమి, ఇసుక కుప్పలు, ఆరుగురు మనుషులు. మిల్లులకు కప్పీలూ పళ్లచక్రాలూ పోసేవాళ్లం. వాటితోపాటు ఒక సున్నపురాయి క్వారీకి రైలు చక్రాలు కూడా. రైలు అంటే మీరు మదురై ఎక్స్‌ప్రెస్ అనుకోకండి. క్వారీలో సన్నటి పట్టాల మీద రాళ్లు మోసే తొట్టి బండ్లు ఉంటాయి, వాటికి నాలుగేసి ఇనుప చక్రాలు. (పెళ్లి సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్లతో మాత్రం నేను 'రైల్వే వీల్స్ తయారుచేస్తాం' అనే చెప్పేవాణ్ణి.)

ఆ చక్రాలతోనే వచ్చింది చిక్కు. మేము పోసిన చక్రాలు ఆరు నెలలు తిరక్కుండానే అంచులు అరిగి, బండ్లు పట్టాల మీంచి జారడం మొదలుపెట్టాయి. క్వారీ మేనేజరు ఒక అరిగిన చక్రాన్ని తెచ్చి మామ బల్ల మీద పెట్టి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. మామ ఆ సాయంత్రం నన్నూ పనివాళ్లనూ కొలిమి దగ్గర నిలబెట్టాడు.

"ఇదే కడైసి సారి. ఎనిమిది చక్రాలు పోసి చూపిస్తాము. అవి కూడా నిలవలేదంటే కొలిమి ఆర్పేసి ఈ షెడ్డును పత్తి మూటలకు గోడౌన్ చేసేస్తాను. నాకు వయసైపోయింది, మాట పడే ఓపిక లేదు" అన్నాడు.

ఆరుగురూ నా వైపు చూశారు. అది నమ్మకమో భయమో ఇప్పటికీ చెప్పలేను. నేను మాత్రం నమ్మకమే అనుకున్నాను. ఎందుకంటే దానికి మందు నా పుస్తకంలో ఉంది. చక్రం పోసే ఇసుక అచ్చులో, అంచు వచ్చే చోట ఇసుకకు బదులు చల్లటి ఇనుప కడియం ఒకటి బిగించాలి. కరిగిన ఇనుము దానికి తగలగానే చప్పున చల్లారి అంచు రాయిలా గట్టిపడుతుంది. ఇసుకలో నింపాదిగా చల్లారిన నడిమి భాగం మామూలుగానే ఉంటుంది. ఈ సంగతి బల్ల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి మరీ వివరించాను.

మా అచ్చులపని పెద్దాయన్ను అందరూ సాంబల్ తాత అనేవారు. తమిళంలో సాంబల్ అంటే బూడిద. ఇంటికి పోయి తలంటుకొని వచ్చినా ఆయన కనుబొమల్లో బూడిద మిగిలే ఉండేది. తాత నా బొమ్మను కాసేపు చూసి తల ఊపాడు.

"అంచు గట్టి పడుతుంది, సరి చిన్నయ్యా. కాని గట్టిదానికి రోషం ఎక్కువ. ఉన్నపాటున గాలి తగిలితే పగిలి పోతుంది. ఎర్రగా ఉన్నప్పుడే తీసి గుంతలో పెట్టి, బూడిద కప్పి, మెల్లంగా ఆరనీయాల."

"అదే తాతా. పుస్తకంలోనూ అలాగే ఉంది."

"పుస్తకంలో కూడా ఉండాదా. అయితే సరి" అన్నాడు తాత.

పెద్ద కప్పీలు పోసినప్పుడు ఆరబెట్టడానికి షెడ్డు వెనకాల ఇటుకలతో కట్టిన గుంత ఒకటి అప్పటికే ఉంది. అక్కడే నాకు కంటగింపుగా ఉండే దృశ్యం ఒకటి రోజూ కనబడేది. గుంతలో సరుకు ఉన్నన్నాళ్లూ పనివాళ్లు దాని చుట్టూ చేరి చిలగడదుంపలు తినేవాళ్లు. బూడిదలో నిలువుగా గుచ్చిన ఒక ఇనుప గొట్టంలోంచి తీగకు కట్టిన దుంపను పైకి లాగడం, వేళ్లు కాల్చుకుంటూ తొక్క తీయడం, ఉప్పూ కారం అద్దుకోవడం. తాత అయితే దుంపను వైద్యుడు నాడి చూసినట్టు నొక్కి నొక్కి చూసేవాడు. ఇంత సోమరితనం ఉన్న చోట చక్రాలు అరగక ఏం చేస్తాయి అనుకున్నాను. వాళ్లు చెప్పలేదు. నేను అడగలేదు. మర్నాడే ఎర్ర సిరాతో తమిళంలో ఒక అట్ట రాసి గుంత దగ్గర వేలాడదీశాను, పనిచేసే చోట తిండి నిషేధం అని.

తాత చదివించుకొని విని, "సరి చిన్నయ్యా" అన్నాడు. అంతటితో ఊరుకోక నేను ఆ గొట్టం ఏమిటని అడిగాను. "గడ్డ గొట్టం" అన్నాడు, దుంపను వాళ్లు గడ్డ అనేవాళ్లు. వేడంతా ఇందులోంచే పోతోందని దాంట్లో పాత గుడ్డ కుక్కించాను. మదురై పోయి గుండ్రటి ముఖం, పొడుగాటి ముల్లు ఉన్న థర్మామీటరు కూడా కొనుక్కొచ్చాను. బూడిదలో గుచ్చే కాడ మాత్రం జానెడే ఉంది. పొడుగుది ఇంకో వారానికి వస్తుందన్నాడు కొట్టువాడు. నాకు వారం ఆగే ఓపిక లేదు.

సోమవారం చక్రాలు పోశాం. ఇప్పటికీ తలచుకుంటే సంతోషంగా ఉంటుంది, అంత బాగా వచ్చింది ఆ పోత. ముందుగా మచ్చుకు పోసిన ముక్క అంచు మీద ఆకురాయి పెట్టి రాస్తే గాజు మీద రాసినట్టు జారిపోయింది. తాత కూడా రెండుసార్లు రాసి చూసి, "పుస్తకం పర్వాలేదు" అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకు మించిన మెప్పు నేను ఎప్పుడూ వినలేదు. ఎనిమిది చక్రాలనూ ఎర్రగా ఉండగానే పట్టకార్లతో పట్టి గుంతలో దించి బూడిద కప్పాం. క్వారీ మేనేజరు శుక్రవారం వస్తానన్నాడు.

బుధవారం పొద్దున నా థర్మామీటరును బూడిదలో గుచ్చి చూశాను. ముల్లు దాదాపు కదల్లేదు. స్నానానికి కాచుకునే నీళ్లు ఇంతకన్నా వేడిగా ఉంటాయి. ఈ రోజే తీసి, తుడిచి, నూనె రాసి, మేనేజరు వచ్చేసరికి వరసగా నిలబెడితే ఎలా ఉంటుందో కళ్లకు కట్టింది. గుంత తెరవమన్నాను.

తాత పార పట్టుకోలేదు. "ఒక్క గడ్డ దించి చూస్తాము చిన్నయ్యా. మధ్యాన్నం దాకా ఓర్చుకో."

"తాతా, ఆకలైతే బయట టీ కొట్టులో తిని రా. డబ్బు నేనిస్తాను" అన్నాను. (ఈ వాక్యం రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి.)

తాత నన్ను ఒకసారి చూసి పక్కకు జరిగాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడితో ఎవరు వాదిస్తారు. మిగతావాళ్లు బూడిద తీసి మొదటి చక్రాన్ని పైకి లాగారు. అది ఆడి మాసం. కొండల మీంచి దిగే పడమటి గాలి మా ఊళ్లో ఆ నెలంతా తలుపులు బాదుతూనే ఉంటుంది. చక్రం నేల మీద కూర్చుంది, గాలి వచ్చింది, 'టంగ్' అని చిన్న చప్పుడు. అంచు నుంచి నడుమ దాకా సన్నటి గీత. ఏదో ఒకటి అలా జరుగుతుందిలే అని రెండోది తీయించాను. టంగ్. మూడోది పైకి రాకముందే పగిలింది.

అప్పుడు తాత అరిచాడు. ఆయన గొంతుకు అంత బలం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. "మూయండిరా, మూయండి" అంటూ తానే పార లాక్కొని బూడిదను తిరిగి గుంతలోకి తోయసాగాడు. నేను చేతులతోనే తోశాను. ఆ గాలికి బూడిదలో సగం గుంతలోకి, సగం ఊరి మీదికి పోయింది. సరిగ్గా అప్పుడే గంజి పెట్టిన తెల్ల పంచె, తెల్ల చొక్కాతో మామ, ఆయన వెనకాలే ఆయన తెల్ల కుక్కా షెడ్డు మలుపు తిరిగి వచ్చారు. రెండు నిమిషాల్లో ఇద్దరూ ఒకే రంగులోకి మారారు. కుక్క తుమ్మింది. మామ తుమ్మలేదు.

"ఎవరు తెరిచినారు?" అన్నాడు.

తాత, "గాలి ఎక్కువ అయ్యా, ఆడి గాలి..." అని మొదలుపెట్టాడు. నా తప్పును గాలి మీదికి తోసేస్తున్నాడని అర్థమై ముందుకు వచ్చాను. "నేనే మామా. తాత వద్దన్నాడు, నేను వినలేదు" అన్నాను. మామ పగిలిన మూడింటినీ చూసి, "శుక్రవారం ఆయన వస్తాడు. చూసుకో" అని వెళ్లిపోయాడు. గోడౌన్ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

ఆ తర్వాత, మొదటిసారిగా, నేను తాతను అడిగాను. ఆయన గొట్టంలోని గుడ్డ లాగేస్తూ చెప్పాడు.

"బూడిద కంబళి మాదిరి. పైన చల్లంగా ఉంటుంది, లోపల నిప్పు. ఈ గొట్టం అడుగు దాకా పోతుంది, చక్రం పక్కకు. పొద్దున గడ్డ దించితే మధ్యాన్నం తీయాల. మాడినదా, గుంత దగ్గరికే పోకూడదు. ఉడికినదా, ఇంకా వేడి ఉండాది. దించింది దించినట్టు పచ్చిగా వస్తేనే తెరవాల."

"మరి ఉడికినవి?"

"వేస్టు చేస్తామా. తింటాము" అన్నాడు తాత.

సైకిలెక్కి సంతకు పోయి ఒక గోనెసంచి నిండా చిలగడదుంపలు కొన్నాను. ఇంట్లో విశేషమా అని అడిగింది అమ్మే ఆవిడ. 'చక్రాలకు' అని చెబితే ఇంకో రెండు ఊరికే వేసింది, జాలిపడి కాబోలు. నేను రాసిన అట్టను నేనే పీకి, ఉప్పూ కారం పెట్టుకోవడానికి వేశాను. ఆ రోజు దించిన దుంప బొగ్గై వచ్చింది. గురువారం దుంప మెత్తగా ఉడికి, తొక్క ఊడి, తేనెలా వచ్చింది. అందరం గుంత చుట్టూ కూర్చొని తిన్నాం. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు గానీ, నా వంతు దుంపను తాత థర్మామీటరు పక్కనే పెట్టి ఇచ్చాడు.

శుక్రవారం మేనేజరు వచ్చే వేళకు దుంప పైకి లాగితే సగం ఉడికి, సగం పచ్చిగా ఉంది. తాత నా వైపు చూశాడు. పచ్చి సగాన్ని చూపించి తెరిచేద్దామా అన్న ఆశ ఒక్క క్షణం నా మనసులో మెదిలింది, అబద్ధం ఎందుకు. ఆరుగురూ నిలబడి నన్నే చూస్తున్నారు. ఈసారి అది భయమేనని తెలిసింది.

"సార్, ఇంకా కాలేదు. రేపు రండి" అన్నాను తమిళంలో.

"ఎలా తెలుసు?"

నేను సగం దుంప చూపించాను. ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఇక అయిపోయింది మన పని అనుకున్నాను. ఆయన బెంచీ మీద కూర్చొని, ఉడికిన సగం కొరికి, "మా అమ్మ ఇటుకల బట్టీలో పనిచేసేది. వాళ్లు కూడా ఇట్లాగే చూసేవాళ్లు, మొక్కజొన్న కంకితో" అన్నాడు. మర్నాడు వస్తానని చెప్పి వెళ్లాడు.

శనివారం మధ్యాహ్నం తాత తీగ లాగాడు. దుంప దించింది దించినట్టు, మట్టి వాసనతో, రాయిలా పైకి వచ్చింది. పచ్చి దుంపను చూసి మనిషి అంత సంతోషపడవచ్చని అంతకు ముందు నాకు తెలియదు. ఐదు చక్రాలనూ ఒక్కొక్కటిగా తీశాం. గాలి అలాగే వీస్తోంది. అందరం ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాం. ఏ చప్పుడూ లేదు. తాత సుత్తితో తట్టితే ఒక్కొక్కటీ గుడి గంటలా చాలాసేపు మోగింది. మేనేజరు ఒకదాన్ని పగలగొట్టి చూపించమన్నాడు. తాత ముఖం తిప్పుకొన్నాడు. సమ్మెట దెబ్బకు విడిపోయిన చోట అంచు పొడుగునా తెల్లటి పట్టీ, లోపల బూడిదరంగు, పుస్తకంలో బొమ్మ ఉన్నట్టే. మిగిలిన నాలుగూ ఒక బండికి సరిపోయాయి. ఆ బండి క్వారీలో ఎన్నాళ్లు తిరిగిందంటే, చివరికి పట్టాలు అరిగాయని కబురు వచ్చింది. షెడ్డులోకి పత్తి మూటలు రాలేదు.

ఆ పచ్చి దుంపను తాత నా చేతిలో పెట్టి, "ఇది ఇంజనీరుకు" అన్నాడు. నేను కొరికి తిన్నాను. నిజానికి అంత బాగుండదు.

ఇప్పుడు తాత లేడు, మామ లేడు. షెడ్డు పెద్దదైంది. గుంతలో చక్రాల పక్కదాకా పోయి వేడి కొలిచే తీగలున్నాయి, గోడ మీద అంకెలు వెలుగుతాయి. అయినా ఆ అంకెలు సరేనన్నాక కూడా దుంప పచ్చిగా వస్తే గానీ నా చేయి సంతకం పెట్టదు. ఒకసారి నాణ్యత సర్టిఫికెట్టు ఇవ్వడానికి వచ్చినాయన ఈ సాధనాన్ని ఏటా ఎక్కడ సరిచూయిస్తారని అడిగితే, ఏటా తినేస్తామని చెప్పాల్సి వచ్చింది.

ఈమధ్య కాలేజీ నుంచి నేరుగా వచ్చి ఒక అమ్మాయి చేరింది, తళవాయిపురం నుంచి రోజూ బస్సులో వస్తుంది. జేబులో రెండు పెన్నులు. మొదటి వారమంతా గుంత దగ్గర నన్ను ఒక రకంగా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మొన్న మాత్రం తన నోటుబుక్కులో అంకెల పక్కన ఇంకో గడి గీసి, పైన తమిళంలో 'కిళంగు', అంటే దుంప, అని రాసుకొని, నా దగ్గరికి వచ్చింది.

"సార్, గడ్డా మీటరూ నాలుగు సార్లూ ఒకే మాట చెప్పినాయి. రొంబ మంచి ఐడియా సార్. ఇది కనిపెట్టింది మీరేనా?"

అవునని తల ఊపితే కాదనేవాళ్లు ఆ షెడ్డులో ఎవరూ లేరు. జేబులో స్కేలు పెట్టుకున్న ఆ కుర్రవాడు ఇన్నేళ్ల తర్వాత కూడా నాలోంచి లేచి, చొక్కా సర్దుకొని, అవునను అవునను అంటున్నాడు. వాణ్ణి చూసి నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది.

"లేదమ్మా. దీన్ని ఆపించింది నేను" అన్నాను.