రోజుకింత తగ్గిన ఫీజు

డిగ్రీ అయిన ఏడాది ఎంబీఏ ఎంట్రన్స్ కోసం వైజాగ్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంచితే ఫీజు సగమే అన్నారు. ఇచ్చేశాను.

మాది జాలరిపేట. అమ్మ చేపలు అమ్ముతుంది. ఒక మధ్యాహ్నం నేను మరిచిపోయిన క్యారేజీ పట్టుకుని, ఖాళీ గంపతో అలాగే సెంటర్‌కి వచ్చింది. గుమ్మం మీద కొత్త బ్యానర్ చూసి, "ఏటి రాసుందే?" అంది.

"మొన్న సగం తగ్గించారు కదా, ఇప్పుడు ముప్పావు వంతు తగ్గించారట."

అమ్మ మొహం మారిపోయింది. "పూటపూటకీ రేటు దించేత్తన్నాడంటే సేప మెత్తబడిపోతన్నట్టేనే! నీ కాయితాలు అడుగు."

"పరువు తియ్యకే," అన్నాను. వినలేదు. నీచు వాసన కొడుతున్న గంపతో క్లాసులోకి వెళ్లి, సెంటర్ నడిపే సార్ బల్ల ముందు కూలబడింది.

"నా పిల్ల కాయితాలు ఇచ్చీ బాబూ. ఇచ్చీవరకూ నాను కదల్ను."

అందరూ ముక్కులు మూసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మని లేపడానికి బల్ల దాకా వెళ్లాను.

సర్టిఫికెట్లు భద్రంగా ఉన్నాయని చెప్పిన బీరువా సార్ తెరవలేదు. బల్ల కింద సూట్‌కేసు జిప్పు లాగాడు. మడతపెట్టిన చొక్కాల కింద మా అందరి కవర్లూ ఉన్నాయి. నాది తీసి విసిరాడు. అమ్మని బయటికి లాక్కెళ్లే తొందరలో నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మర్నాడు సెంటర్ తలుపుకి తాళం వేసి ఉంది. నా పక్కన కూర్చునే అమ్మాయి మెట్ల మీద ఏడుస్తోంది. క్లాసు మొత్తంలో ఆ సూట్‌కేసులోకి చూసింది నేనొక్కదాన్నే. ఆ సంగతి ఆమెకి ఈ రోజుకీ తెలియదు.